కాగితం చదివితే సాధన కాదు: సభలో బాగా మాట్లాడాలంటే ఇంట్లో చేయవలసిన పని

గోదావరి డెల్టాలో సభలకు కొదవ లేదు. గ్రామసభ, నీటి సంఘం సమావేశం, పాఠశాల వార్షికోత్సవం, నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు, పదవీ విరమణ సన్మానం, ఊరి రామాలయం దగ్గర నవమి పందిరి, ఇలా ఏడాది పొడవునా ఎవరో ఒకరి చేతికి మైకు వస్తూనే ఉంటుంది. అలా మాట్లాడవలసి వచ్చిన వారిలో చాలామంది చేసే సాధన ఒకటే. ప్రసంగాన్ని కాగితం మీద రాసుకుంటారు, ముందురోజు రాత్రి నాలుగైదు సార్లు మనసులో చదువుకుంటారు, తెల్లవారి సభకు వెళ్తారు. వేదిక ఎక్కాక రెండో వాక్యం దగ్గరే మాట తడబడితే, తమకు మాట్లాడే విద్య పుట్టుకతో రాలేదని నిర్ణయించుకుని మళ్ళీ ఆ జోలికి పోరు. నా దృష్టిలో ఇది చాలా పెద్ద నష్టం, ఎందుకంటే చెప్పవలసిన విషయం ఉన్నవారే ఎక్కువగా ఇలా వెనక్కి తగ్గుతున్నారు.

మనసులో చదువుకునేటప్పుడు కళ్ళు మాత్రమే పని చేస్తాయి. ఊపిరి ఎక్కడ అందకుండా పోతుందో, ఏ మాట దగ్గర నాలుక మడత పడుతుందో, ఒక విషయం ముగిశాక తరువాతది గుర్తుకు వస్తుందో లేదో అప్పుడు తెలియదు. జ్ఞాపకం విషయంలోనూ ఇదే జరుగుతుంది. అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు కానీ, వారం గడిచాక పెట్టిన పరీక్షలో మాత్రం పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే పద్ధతిలో చదివిన వారే ఎక్కువ చెప్పగలిగారు. ముందురోజు రాత్రి అంతా వచ్చేసినట్టు అనిపించడానికీ, సభలో అది జారిపోవడానికీ కారణం ఇక్కడే దొరుకుతుంది. కాబట్టి సాధన అన్న మాటకు ఇక్కడ నేను పెట్టుకున్న అర్థం ఇది: కాగితం పక్కన పెట్టి, నిలబడి, గొంతెత్తి, విషయాన్ని గుర్తు తెచ్చుకుంటూ చెప్పడం.

రాసిన వాక్యం, పలికే వాక్యం

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. సఖినేటిపల్లి వైపు కాలువ చివర శివారు భూములున్న ఒక యువ రైతు దాళ్వా (రెండో పంట) నీటి గురించి అధికారుల ఎదుట మూడు నిమిషాలు మాట్లాడాలనుకుందాం. అతడు రాసుకున్న మొదటి పేరా సాధారణంగా కాటన్ దొరతో మొదలవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని, దానివల్ల డెల్టా సస్యశ్యామలమైందని చెప్పేసరికి ఒక నిమిషం గడిచిపోతుంది. వింటున్న వారందరికీ ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తరువాత అసలు మాట ఇలా వస్తుంది: "ప్రస్తుతము విడుదల చేయబడుచున్న సాగునీరు శివారు ఆయకట్టు రైతాంగమునకు సక్రమముగా అందకపోవుట వలన ఏర్పడిన పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని సంబంధిత అధికారులు తగు చర్యలు చేపట్టవలసినదిగా కోరుచున్నాను."

ఈ వాక్యాన్ని గట్టిగా ఒక్కసారి పలికి చూడండి. "పరిస్థితులను" దగ్గరకు వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. క్రియ చివరన ఎక్కడో ఉండడం వల్ల, వినేవారికి అప్పటివరకు ఇది ఫిర్యాదో, అభినందనో కూడా తేలదు. అర్జీలో ఇలాంటి వాక్యం చెల్లుతుంది గానీ నోటికి, చెవికి చెల్లదు. అదే రైతును కాగితం మూసేసి, "అసలు సంగతేమిటో నాకు చెప్పు" అని ఎదురుగా కూర్చున్న వాళ్ళు అడిగితే ఇలా చెబుతాడు: "వంతు వచ్చిన రోజున కూడా మా చేలోకి నీరు ఎక్కడం లేదండి. పైన లాకుల దగ్గర కాలువ నిండుగానే ఉంది. మా ఊరి తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోయి నీరు ఆగిపోయింది. నాట్లు వేసిన చేలు నెర్రెలు తీస్తున్నాయి. ఈ వారంలో ఆ డెక్క తీయించండి." సభలో చెప్పవలసిన ప్రసంగం ఇదే. ఎక్కడ, ఏమిటి, ఎందుకు, ఎవరు ఏం చేయాలి అన్నవన్నీ అందులో ఉన్నాయి, ఒక్కో వాక్యం ఒక్కో ఊపిరిలో ముగుస్తోంది.

అందువల్ల ముందు చెప్పి, తరువాత రాయడం మంచి పద్ధతి. ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, విషయాన్ని మామూలుగా చెబుతూ ఫోనులో రికార్డు చేయండి. ఆ రికార్డు విని, అందులోంచి అయిదారు ముఖ్యమైన మాటలను మాత్రమే అరచేతిలో పట్టే చీటీ మీద ఎక్కించుకోండి. పై ఉదాహరణలో "వంతు రోజు, లాకులు, తూము, గుర్రపుడెక్క, నెర్రెలు, ఈ వారం" అన్నవి చాలు. ఇక మీదట సాధన అంతా ఈ చీటీతోనే జరగాలి, పూర్తి పాఠాన్ని చేతిలోకి తీసుకోకూడదు. ప్రతిసారీ వాక్యాలు కొద్దిగా మారతాయి. మారనివ్వండి. వాక్యం మారినా విషయం చెడని స్థితికి వచ్చినప్పుడే ఆ ప్రసంగం మీ సొంతమైనట్టు. మొదటి రెండు వాక్యాలను, చివరి రెండు వాక్యాలను మాత్రం అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేయడం అవసరం, ఎందుకంటే బెరుకు ఎక్కువగా ఉండేది మొదట్లో, తొందర ఎక్కువగా ఉండేది చివర్లో.

ముక్కలుగా చేయడం, ఒక్కొక్క లోపం పట్టుకోవడం

మొదటి నుంచి చివరి వరకు ప్రసంగాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ పోతే, మొదటి భాగం బాగా వచ్చి చివరి భాగం ఎప్పటికీ బలహీనంగానే మిగిలిపోతుంది. ఎక్కడ తడబడ్డామో అక్కడి నుంచి మళ్ళీ మొదటికి వెళ్ళడం చాలామందికి అలవాటు. దానికి బదులు తడబడిన చోటికి ముందున్న ఒక వాక్యం, తరువాత ఉన్న ఒక వాక్యం కలిపి ఆ మూడింటినే సాధన చేయాలి. చాలాసార్లు మాట ఆగేది ఒక విషయం నుంచి మరో విషయానికి దాటే చోటనే. కాలువ పరిస్థితి చెప్పి పంట నష్టంలోకి ఎలా వెళ్తున్నారో ఆ దాటే వాక్యాన్ని విడిగా పదిసార్లు పలికితే, మొత్తం ప్రసంగాన్ని పదిసార్లు చెప్పినదాని కంటే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది.

రికార్డు విన్నప్పుడు ఒకేసారి పది లోపాలు చెవిన పడతాయి. గొంతు నచ్చదు, వేగం నచ్చదు, అనవసరపు మాటలు వినిపిస్తాయి. అన్నింటినీ ఒకేసారి సరిచేయబోతే ఏదీ కుదరదు. ఒక పూట ఒక్క లోపాన్నే ఎంచుకోండి. ఉదాహరణకు ఊతపదాలను తీసుకుంటే, మూడు నిమిషాల రికార్డులో "ఏమిటంటే", "అయితే", "అన్నమాట", "చూశారా" ఎన్నిసార్లు వచ్చాయో గీతలు గీసి లెక్కపెట్టండి. మరుసటి సాధనలో వాటిని ఆపడానికి ప్రయత్నించే బదులు, అవి రాబోయే చోట నోరు మూసి ఒక్క క్షణం ఊరుకోండి. ఊతపదం వచ్చేది తరువాతి మాట కోసం వెతికేటప్పుడు కాబట్టి, ఆ వెతుకులాట నిశ్శబ్దంలో జరిగితే వినేవారికి అది ఆలోచించి మాట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. ఆ విరామం మాట్లాడే వారికి చాలా పొడుగ్గా తోస్తుంది, రికార్డు విన్నప్పుడు అది ఎంత చిన్నదో తెలుస్తుంది. విరామం మీద నమ్మకం కుదరడానికి రికార్డు వినడాన్ని మించిన దారి లేదు.

మన ప్రాంతంలో మాట మాటకూ చేరే "అండి" గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాన్ని పూర్తిగా తీసేయమని కొందరు పిల్లలకు నేర్పుతారు. నేను దానితో ఏకీభవించను. ఆ మర్యాద ఈ నేల మాటలోనే ఉంది, దాన్ని తుడిచేస్తే మాట్లాడే మనిషి అరువు గొంతుతో మాట్లాడినట్టు అవుతుంది. వాక్యం చివర ఉన్న "అండి"ని ఉంచి, వాక్యం మధ్యలో ప్రతి పదం తరువాత వచ్చే వాటిని మాత్రమే తగ్గించుకుంటే సరిపోతుంది. గోదావరి యాసను కూడా దాచుకోవలసిన పని లేదు, పదం చివరి అక్షరం మింగకుండా పలికితే అమలాపురంలో మాట్లాడిన మాట అనంతపురంలోనూ అర్థమవుతుంది.

వేగం విషయంలో ఇంగ్లీషు పుస్తకాలు నిమిషానికి ఇన్ని పదాలు అని చెప్పే లెక్కలు మనకు నేరుగా పనికిరావు. తెలుగులో ప్రత్యయాలు మాటకే అతుక్కుని పదాలు పొడవుగా ఉంటాయి. మీరు తీరికగా, ఒకరికి అర్థమయ్యేలా చెప్పినప్పటి ఒక నిమిషం రికార్డులో ఎన్ని పదాలు వచ్చాయో లెక్కించి, దాన్నే మీ కొలతగా పెట్టుకోండి. వేదిక మీద గుండె వేగంతో పాటు మాట వేగమూ పెరుగుతుంది కాబట్టి, ఇంట్లో ఆ కొలత కంటే కాస్త నెమ్మదిగా సాధన చేయడం మేలు.

ఊపిరి కోసం పద్యం చదవడం మంచి వ్యాయామం. ఒక పాదాన్ని ఒక్క ఊపిరిలో, యతి దగ్గర తెగకుండా, అర్థం ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఆగుతూ రోజూ పావుగంట గట్టిగా చదివితే ఒత్తులు స్పష్టమవుతాయి, గొంతు అరవకుండానే దూరం వెళ్ళడం నేర్చుకుంటుంది. హరికథ చెప్పేవారిని గమనించడం కూడా అంతే మేలు చేస్తుంది. గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురంలో హరికథ నేర్పే పాఠశాల ఉంది. అలా శిక్షణ పొందినవారు పాట నుంచి వచనంలోకి దిగేటప్పుడు గొంతు ఎలా తగ్గిస్తారో, పిట్టకథ మొదలుపెట్టే ముందు ఎంతసేపు ఆగుతారో చెవి పెట్టి వింటే, పుస్తకంలో దొరకని సంగతులు తెలుస్తాయి.

ఈ నేల నేర్పిన రెండు సాధనలు

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఇంగ్లీషులో ఉపన్యసించినప్పుడు, ఆ ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం అప్పటికప్పుడు తెలుగులో చెప్పారు. వినడం, సారం పట్టుకోవడం, తన వాక్యంలో పెట్టి వెంటనే పలకడం అనే మూడు పనులు ఒకదాని వెనుక ఒకటిగా జరిగితే తప్ప అది సాధ్యం కాదు. ఆ మూడూ ఏ వక్తకైనా కావలసినవే. ఇంట్లో దీన్ని ఇలా చేయవచ్చు: రేడియోలో గానీ ఫోనులో గానీ రెండు నిమిషాల వార్తను వినండి, ఆపేయండి, నిలబడి అదే విషయాన్ని ఒక నిమిషంలో మీ సొంత మాటల్లో చెప్పండి. మొదట్లో వార్త చదివిన వారి వాక్యాలే నోట్లోకి వస్తాయి. కొన్నాళ్ళకు మీ వాక్యాలు రావడం మొదలవుతుంది. ముందస్తు తయారీ లేకుండా "మీరు కూడా రెండు మాటలు చెప్పండి" అని అధ్యక్షులు పిలిచినప్పుడు ఆదుకునేది ఈ అలవాటే.

రెండోది అవధానం నుంచి వచ్చినది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం దగ్గరి యండగండి. ఆ జంట కవులు ఊరూరా అవధానాలు చేసి ఆ విద్యకు పెద్ద ప్రాచుర్యం తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం, అంటే అవధాని ఏకాగ్రతను చెదరగొట్టేలా సంబంధం లేని ప్రశ్నలు వేయడం. అవధాని వాటికి చమత్కారంగా జవాబిచ్చి, వదిలిన పద్యపాదం దగ్గరికే తిరిగి వెళ్తాడు. సభా ప్రసంగానికి ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు. మీరు మాట్లాడుతూ ఉండగా ఒక స్నేహితుడు మధ్యలో ఏదో ఒకటి అడగాలి, కుర్చీ లాగాలి, తలుపు తెరిచి మూయాలి. మీరు అవసరమైతే ఒక్క వాక్యంలో జవాబు చెప్పి, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి ఎత్తుకోవాలి. మన సభల్లో అతిథి ఆలస్యంగా రావడం, ఆయన రాగానే అందరూ లేవడం, మధ్యలో కరెంటు పోవడం, జనరేటరు మోత వినిపించడం మామూలే కాబట్టి, ప్రశాంతమైన గదిలో మాత్రమే సాధన చేసినవారు మొదటి అంతరాయానికే దారం తెంచుకుంటారు.

వినేవారిని సంపాదించడం

అద్దం ముందు మాట్లాడమని చాలామంది సలహా ఇస్తారు. దాని వల్ల చూపు తన ముఖం మీదే నిలుస్తుంది తప్ప ఎదుటివారికి అర్థమైందో లేదో తెలియదు. ఒక్క మనిషి ఎదురుగా ఉన్నా అద్దం కంటే మేలు. ఆ మనిషి "బాగుంది" అంటే తృప్తి పడకండి. "నేను చెప్పినదాంట్లో నీకు గుర్తున్నవి మూడు చెప్పు" అని అడగండి. వారు చెప్పినవి మీరు చెప్పదలచిన ముఖ్య విషయాలు కాకపోతే, సరిచేయవలసింది ప్రసంగం కట్టిన తీరునే.

నలుగురైదుగురు కలిస్తే ఇంకా బాగా సాగుతుంది. 1924లో కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ ప్రారంభించిన, సభలో మాట్లాడడం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ సంఘాల్లో ఒకరు సమయం చూస్తారు, ఒకరు ఊతపదాలు లెక్కపెడతారు, ఒకరు ప్రసంగాన్ని సమీక్షిస్తారు. వచ్చిన ప్రతివారికీ వినే పని ఒకటి అప్పగించడమే ఆ పద్ధతిలోని బలం. పాలకొల్లులోనైనా, రావులపాలెంలోనైనా శాఖా గ్రంథాలయం గదిలోనో, బడి వదిలాక తరగతి గదిలోనో వారానికి ఒక సాయంత్రం అయిదుగురు కూర్చుంటే ఇదంతా ఖర్చు లేకుండా జరుగుతుంది. సమీక్ష చేసేవారు "గొంతు బాగుంది" లాంటి మాటలు మాని, "రెండో విషయం మొదలైన సంగతి నాకు తెలియలేదు" అన్నంత నిర్దిష్టంగా చెప్పాలని ముందే ఒప్పందం చేసుకోవాలి. పెద్దవారు మాట్లాడినప్పుడు చిన్నవారు లోపం చెప్పడానికి మొహమాటపడతారు, అందువల్ల వయసులో పెద్దవారే ముందు తమ ప్రసంగాన్ని విమర్శకు పెడితే మిగతావారికి నోరు తెరుచుకుంటుంది.

మైకు, చోటు, బెరుకు

మైకుతో అలవాటు లేనివారు ఇంట్లో టార్చిలైటును చేత్తో పట్టుకుని సాధన చేయవచ్చు. నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కకు వంచి, తల తిప్పినప్పుడు చేయి కూడా తిరిగేలా పట్టుకోవడం అలవాటు కావాలి. నోటికి ఎదురుగా పెడితే ప, బ, భ లాంటి అక్షరాల దగ్గర గాలి తగిలి మైకు కొడుతుంది, సౌండు బాక్సు వైపు తిప్పితే కూత పెడుతుంది. సభ మొదలయ్యే ముందే వెళ్ళి, మైకు ఎలాంటిదో, స్టాండు మీద ఉంటుందో చేతికిస్తారో చూసుకుని, వేదిక మీద నిలబడి చివరి వరుస కుర్చీని ఒకసారి చూడండి. షామియానా కింద చెప్పేటప్పుడు గోడలు ఉండవు కాబట్టి మాట తిరిగి రాదు, మన గొంతు మనకే చిన్నగా వినిపిస్తుంది. అందుకని అరవడం మొదలుపెడితే పది నిమిషాల్లో గొంతు బొంగురు పోతుంది. దూరానికి చేర్చే పని మైకుకు వదిలేయండి.

బెరుకు పోయాక మాట్లాడదామని కూర్చుంటే ఎప్పటికీ మాట్లాడలేము. అది ఉండగానే మాట్లాడడం సాధన చేయాలి. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వక్తలు తమ కంగారు శ్రోతలకు ఎంత కనిపిస్తోందని అనుకున్నారో శ్రోతలకు నిజానికి అంత కనిపించలేదని తేలింది. ఆ సంగతిని ముందుగా తెలియజేసిన వక్తలు మిగతావారి కంటే మెరుగ్గా మాట్లాడారు కూడా. ఇది వక్తృత్వ పోటీకి వెళ్ళే పిల్లలకు తప్పకుండా చెప్పవలసిన విషయం. చేతులు వణుకుతున్నాయని "క్షమించండి, నాకు కొంచెం భయంగా ఉంది" అని మొదలుపెట్టనవసరం లేదు. చేతులు ఆనించుకోవడానికి స్టాండు ఉంటే ఆనించండి, చీటీని మందపాటి అట్టముక్క మీద రాసుకోండి, పలుచటి కాగితం వణుకును పెద్దది చేసి చూపిస్తుంది. మాట మొదలుపెట్టే ముందు ఊపిరి పూర్తిగా వదిలి, ఒకసారి నిదానంగా తీసుకుని, ఎదురుగా ఉన్న ఒక ముఖాన్ని చూసి మొదటి వాక్యం చెప్పండి.

సాధనను రోజులకు పంచడం ముఖ్యం. ఒక ఆదివారం అంతా గంటల తరబడి చేసే కంటే, వారం పది రోజుల పాటు పూటకు ఇరవై నిమిషాలు చేస్తే విషయం మనసులో నిలుస్తుంది. మొదటి రోజుల్లో ముక్కలు, మధ్యలో వినేవారి ఎదుట పూర్తి ప్రసంగం, చివరి రెండు రోజుల్లో వేసుకోబోయే బట్టలు, చెప్పులతో నిలబడి గడియారం పెట్టుకుని చెప్పడం అనే వరుస చాలామందికి కుదురుతుంది. సభకు ముందురోజు రాత్రి కొత్త ఉదాహరణలు చేర్చకండి.

మూడు నిమిషాల ప్రసంగానికి ఒక నిమిషం రూపాన్ని కూడా విడిగా సాధన చేసి ఉంచుకోవాలి. ముందు వక్తలు సమయం తినేస్తే, అధ్యక్షులు చీటీ పంపి "త్వరగా ముగించండి" అనడం మన సభల్లో తరచూ జరుగుతుంది. అప్పుడు మూడు నిమిషాల మాటను వేగంగా చెప్పబోతే ఏదీ చేరదు. ఆ యువ రైతు విషయంలో అయితే "తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడి వంతు రోజున కూడా నీరు రావడం లేదు, ఈ వారంలో తీయించండి" అన్న మాట, దానికి తోడు ఎండుతున్న చేల సంగతి చాలు.

సభ ముగిశాక ఆ రాత్రి పడుకునే ముందు మూడు సంగతులు రాసి పెట్టుకోండి: ఎక్కడ జనం కదిలారు, ఎక్కడ మీరు చీటీ చూడవలసి వచ్చింది, ఏ వాక్యం అనుకోకుండా బాగా వచ్చింది. ఎవరైనా వీడియో తీసి ఉంటే వెంటనే చూడకుండా ఒకటి రెండు రోజులు ఆగి, ఒకసారి బొమ్మ లేకుండా వినండి, మరోసారి మాట ఆపేసి చేతులు, చూపు మాత్రమే గమనించండి. అందులోంచి ఒకే ఒక లోపాన్ని ఎంచుకుని, తరువాతి సభకు పిలుపు రాకముందే దాని మీద పని మొదలుపెట్టండి.